నైనా బుల్లెట్టు, కలంగల్ రడ్జ్

పోయిన నెల మన సంఘం కూటంలో జి.డి. నాయుడు గారి మాట వచ్చినప్పుడు నేను లేచి ఏదో చెప్పబోతే, టైము లేదని కూర్చోబెట్టినారు. తప్పు వాళ్ళది కాదు, నేను మొదలుపెడితే ఆపనని అందరికీ తెలుసు. ఆ మిగిలిపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను. పొడుగు పోస్టే, కాఫీ తెచ్చుకొని చదవండి.

2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచి, దానికి నాయుడు గారి పేరు పెట్టినప్పటి నుంచి మన గ్రూపుల్లో ఆయన ఫోటో తిరగని రోజు లేదు. "ఇండియా ఎడిసన్", "మనవాడు" అని రాసుకుంటున్నాం. సంతోషమే. కానీ ఆ ఫోటో కింద రాసే నాలుగు వాక్యాల్లో ఒకదాని మీద నుంచి అందరమూ దూకేస్తున్నాం. "ఒక మోటార్ సైకిల్ కొని, విప్పి, మళ్ళీ బిగించినారు" అన్న వాక్యం అది. తర్వాతి వాక్యంలో వెంటనే బస్సులు వచ్చేస్తాయి. నాకు ఆ మోటార్ సైకిల్ వాక్యంతోనే పని. ఎందుకంటే మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక బుల్లెట్టు మూడు నెలలుగా సగం విప్పి ఉంది, దాన్ని ఏం చెయ్యాలని నాకూ మా అబ్బాయికీ తగువు.

ముందు పాత కథ చూద్దాం. నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టినారు. సేద్యం ఇల్లు. బడి వంటబట్టలేదు, అయ్యవారి మీద ఇసుక చల్లి బయటపడిన కథ మన ఇండ్లల్లో చదవని పిల్లలందరూ అడ్డం పెట్టుకొనే కథే. ఇరవై ఏండ్ల వయసులో ఒక రెవెన్యూ దొర ఎక్కి వచ్చిన రడ్జ్ మోటార్ సైకిల్ ఆయన కంట పడింది. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా పోతున్న బండి. దాన్ని కొనాలని ఊరు విడిచి కోయంబత్తూరు వచ్చి, ఒక హోటల్లో వడ్డించే పనికి కుదిరినారు. సుమారు మూడేండ్లు తట్టలు ఎత్తి, మూడు నాలుగొందల రూపాయలు కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్న తర్వాత ఊరేగలేదు, విప్పినారు.

ఆ మూడేండ్లను మనం లెక్కలో వెయ్యము. భూమి ఉన్న ఇంటి పిల్లవాడు ఇంకొకరి ఎంగిలాకు తీసినాడంటే ఆ కాలంలో ఇంట్లో ఏమనుకొని ఉంటారో, ఊళ్ళో ఏమని ఉంటారో మీరే ఊహించండి. ఇప్పుడు ఆ ఊరి వాళ్ళందరూ ఆయన చుట్టాలే.

ఇక ఆ బండి ఎట్లాంటిదో చూడండి. రడ్జ్ విట్‌వర్త్ ఇంగ్లండులో కావెంట్రీ నగరపు కంపెనీ. మొదట సైకిళ్ళు చేసేవారు, 1911 ప్రాంతంలో మోటార్ సైకిళ్ళ లోకి వచ్చినారు. నాయుడు గారు కొన్నది 1912 మోడల్ అంటారు. ఆ కాలపు రడ్జ్‌లో ఒకే సిలిండరు, 499 సి.సి. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే వాల్వు పైన, పొగ పోయే వాల్వు పక్కన. వెనక చక్రానికి చైను ఉండదు, బెల్టు ఉంటుంది. వానలో బెల్టు జారుతుంది, ఎండలో సాగుతుంది. అన్నిటికన్నా చమురు సంగతి వినండి. ఇప్పటి బండ్లలో ఆయిలు పంపు దానంతట అదే తిప్పుకుంటుంది. అప్పటి బండ్లలో తోలేవాడే చేత్తో చిన్న పంపు కొట్టి ఇంజన్‌లోకి చమురు పంపాలి. పోయిన చమురు మళ్ళీ తిరిగి రాదు, కొంత కాలిపోతుంది, కొంత రోడ్డు మీద కారిపోతుంది. పంపు కొట్టడం మరిచిపోతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువ కొడితే ప్లగ్గు మసిబారి బండి ఆగిపోతుంది. అంటే ఆ బండి మీద కూర్చున్నవాడు లోపల ఏం జరుగుతోందో చెవితో విని తెలుసుకోవాలి. తోలడమూ మెకానిక్ పనీ అప్పుడు వేరు వేరు కాలేదు. ఇదే కంపెనీ బండి 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ పందెం గెలిచింది, అంటే ఆ కాలానికి అది నాసిరకం సరుకు కాదు. మేలైన బండే అట్లుండేది.

స్పేరు కావాలంటే కావెంట్రీ నుంచి ఓడలో రావాలి. 1914లో యుద్ధం మొదలైనంక అది కూడా నమ్మకం లేదు. కాబట్టి అరిగిన ముక్కను ఇక్కడే చేయించుకోవాలి. చేయించుకోవాలంటే దాని కొలత తెలియాలి. కొలత తెలియాలంటే విప్పాలి. నాయుడు గారికి ఇంజనీరింగ్ కాలేజీ అదే.

మన కోయంబత్తూరులోనే ఇది ఎందుకు జరిగింది అని అడిగితే, మనవాళ్ళు నేరుగా విజయనగరానికి, 1529లో మదురై వచ్చిన విశ్వనాథ నాయకుడికి పోతారు. రక్తంలో ఉంది అంటారు. నేను ఒప్పుకోను. రక్తంలో ఉంటే మా ఇంట్లో నా తమ్ముడికి ఇప్పటికీ బల్బు మార్చడం ఎందుకు రాదు? నాకు తోచిన కారణం నేల, నీళ్ళు. ఇక్కడి నల్లరేగడిలో పత్తి పండేది. వాన తక్కువ, బావులు లోతు. కపిల తోలి తోలి ఎద్దులూ మనుషులూ అరిగిపోయేవారు. 1888లోనే స్టేన్స్ దొర ఇక్కడ నూలు మిల్లు పెట్టినాడు, పత్తి జిన్నింగ్ మరలు పల్లెల దాకా వచ్చినాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ రాజధానిలో ఆయిలు ఇంజన్లతో బావి నీళ్ళు తోడడం మొదలైంది. 1932లో పైకారా కరెంటు పుట్టిన తర్వాత మోటారు పంపులు వరుసకట్టినాయి. అంటే రైతుకు ఇంజను విలాసం కాదు, బావి దగ్గర అవసరం. ఆగిపోతే మెకానిక్ వచ్చేదాకా చేను ఎండుతుంది. అందుకే విప్పడం నేర్చుకున్నారు. మోటార్ సైకిల్ అదే విద్యను రోడ్డు మీదికి తెచ్చింది.

తర్వాత సంగతులు మీకు తెలిసినవే, తొందరగా చెబుతాను. నాయుడు గారు పత్తి వ్యాపారంలో సంపాదించి, బొంబాయిలో పోగొట్టుకొని తిరిగి వచ్చినారు. స్టేన్స్ దొర ఆసరాతో 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి తామే తోలినారు. అదే పెరిగి యునైటెడ్ మోటార్ సర్వీస్ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి పీలమేడులో చేసిన ఎలక్ట్రిక్ మోటారును దేశంలోనే మొదటి స్వదేశీ మోటారుగా చెప్పుకుంటాం. ఆ బాలసుందరం గారే తర్వాత టెక్స్‌టూల్ పెట్టినారు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు రెండువేల రూపాయలకు ఇస్తామని నాయుడు గారు ముందుకు వస్తే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఈ లైసెన్సు సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

ఇదంతా మనమొక్కరమే చేసినట్టు రాసుకోవడం కూడా నాకు నచ్చదు. మదురైలో ఇదే పని చేసింది టి.వి. సుందరం అయ్యంగారు, ఆయన తెలుగువాడు కాదు. మదురైలో మా మేనమామ ఇంటి పక్కన ముప్పై ఏండ్లు బండ్లు బాగుచేసిన మనిషి రౌతర్. ఉక్కడం పాత సామాన్ల అంగళ్ళలో మా నైనాకు గేరు పండ్లు వెతికిపెట్టినవాళ్ళు ఎవరూ మన కులం కాదు. లేత్ మీద చెయ్యి తిరిగినవాడిది ఏ ఊరని ఎవరూ అడగరు.

ఇప్పుడు మా షెడ్డుకు వస్తాను.

మా నైనా ఒక మిల్లులో ఫిట్టరు. 1979లో వాల్పారై ఎస్టేటు నుంచి ఒకరు అమ్మితే 1973 మోడల్ బుల్లెట్టు కొన్నారు. 346 సి.సి., కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఈ బండి కథ కూడా రడ్జ్ కథకు తమ్ముడే. సైన్యానికి 800 బండ్లు కావాలని అడగడంతో ఇంగ్లండు కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. మొదట అక్కడి ముక్కలు తెచ్చి తిరువొత్తియూరులో బిగించేవారు, కొన్నేండ్లలో అన్నీ ఇక్కడే చెయ్యడం నేర్చినారు. అంటే మన రాష్ట్రంలో ఒక ఫ్యాక్టరీ కూడా విప్పి బిగించడంతోనే మొదలైంది.

నైనాకు ఆదివారం అంటే గుడి కాదు, షెడ్డు. పొద్దున్నే గోనెపట్ట పరిచి, పళ్ళెంలో కిరసనాయిలు పోసి, విప్పిన శీలలను విప్పిన వరుసలోనే పెట్టించేవారు. నేను వరుస తప్పిస్తే మొట్టికాయ. ఇంజన్‌లో ఆయిలు మార్చేటప్పుడు ఫెల్టు ఫిల్టరును పిండి, అడుగున చేరిన మడ్డిని వేళ్ళ మధ్య రుద్ది చూసేవారు. మెరిస్తే లోహం అరుగుతోందని అర్థం, నల్లగా మెత్తగా ఉంటే భయం లేదు. ట్యాపెట్లు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పుష్ రాడ్డు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. "బిర్రుగానూ వద్దు, వదులుగానూ వద్దు" అనేవారు. టైమింగుకు మా దగ్గర గేజి లేదు. సైకిల్ కమ్మిని సిలిండర్ లోపలికి దించి, పిస్టన్ పైకి వచ్చిన చోట గీత పెట్టి, అక్కడి నుంచి 0.8 మిల్లీమీటరు వెనక్కి రావాలి. సరిగ్గా అక్కడ పాయింట్లు విడిపోవాలి. విడిపోయినాయో లేదో కంటికి కనపడదు. సిగరెట్టు పెట్టెలోని పలచని కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, విడిపోయిన క్షణంలో అది చేతిలోకి వస్తుంది. నైనా జీవితంలో సిగరెట్టు కాల్చలేదు. పెట్టె మాత్రం ఎప్పుడూ ఉండేది. పెండ్లిచూపులకు వచ్చిన మా చిన్నమ్మ మామగారు అది చూసి ఏమనుకున్నారో వేరే కథ.

స్టార్టు చెయ్యడం నాకు తొమ్మిదో తరగతిలో నేర్పినారు. తాళం వేస్తే హెడ్‌లైటు దగ్గరి ఆమ్మీటరు ముల్లు ఎడమకు పడుతుంది. కిక్కరును మెల్లగా నొక్కుకుంటూ పోతే ఒక చోట ముల్లు నడిమికి వస్తుంది. అప్పుడు డీకంప్రెషన్ లీవరు పట్టి కొంచెమే దాటించి, లీవరు వదిలి, కిక్కరును పైకి రానిచ్చి ఒక్క తొక్కు. "రేయ్, బలంతో కాదు, ముల్లు చూసి తొక్కు" అనేవారు. బలంతో తొక్కిన నాడు అది ఎదురు తన్ని నా చీలమండ వాచింది. అవ్వ వారం రోజులు నైనాతో మాట్లాడలేదు.

ఇంకో సంగతి. మిల్లులో నైనా మాట తమిళం, బజారులో తమిళం, నా బడిలో తమిళమూ ఇంగ్లీషూ. షెడ్డులో మాత్రం తెలుగు. పాన, సుత్తి, పట్టకారు, ఆకురాయి, మర, శీల, ఇరుసు, అదురు, మడ్డి. మర చెడింది, ఇరుసు వంగింది, అదురు ఎక్కువైంది. మా నైనాకు తెలుగు రాయడం రాదు, చదవడం రాదు. నేను పెద్దయినంక పుస్తకం పెట్టుకొని లిపి నేర్చుకున్నాను. ఈ మాటలు మాత్రం ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు.

నైనా పోయి తొమ్మిదేండ్లు. బండి షెడ్డులో అట్లే నిలబడింది. మొన్న మా అబ్బాయి, కాలేజీలో మెకానికల్ మూడో ఏడు, "నైనా, దాన్ని కేఫ్ రేసర్ చేద్దాం" అన్నాడు. వెనక ఫ్రేము కోసి, ఒంటి సీటు పెట్టి, హ్యాండిలు దించి, మడ్‌గార్డులు పీకేసి. వీడియోలు చూపించినాడు. చూడడానికి బాగానే ఉన్నాయి. నాకు మాత్రం మా నైనా కాలు కోస్తున్నట్టుంది. నేను ఒక పేరున్న పనివాడి దగ్గర ఒరిజినల్‌గా చేయిద్దాం అన్నాను. అక్కడ అడిగిన డబ్బు విని, మా ఆవిడ "ఆ డబ్బుకు పిల్లకు గొలుసు వస్తుంది, బండి అమ్మెయ్యండి" అనింది. ఇట్లా ముగ్గురం మూడు దిక్కులు.

చట్టం చూద్దామని కూర్చున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఫ్రేము కోస్తే ఆర్.సి. పోయినట్టే. సరే, ఒరిజినల్‌గా ఉంచితే? 2021లో వచ్చిన నియమాల ప్రకారం యాభై ఏండ్లు దాటి, ఛాసిస్, ఇంజన్ మార్చని బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. 20,000 రూపాయలు కడితే పదేండ్లకు 'వి.ఎ.' అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు. నేను సంబరపడినాను. తర్వాత కింది వరుస చదివినాను. వింటేజ్ బండిని రోజూ తోలకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. అంటే కోస్తే చట్టం ఒప్పదు, కొయ్యకుండా గౌరవిస్తే బొమ్మ అవుతుంది.

మా అబ్బాయి అప్పుడు ఒక మాట అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. "నైనా, మీరు జి.డి. నాయుడు గారి గురించి అన్ని పోస్టులు రాస్తారు కదా. ఆయన చేతికొచ్చింది ఏదైనా ఉన్నది ఉన్నట్టు ఉంచినారా?" వాడు అంతటితో ఆపలేదు. కరివర్ధన్ గారి పేరు ఎత్తినాడు. నిజమే. మన కోయంబత్తూరు మిల్లుల ఇంట్లో పుట్టి, షోళవరం పాత విమానాల మైదానంలో పందేలు తోలిన మనిషి. 1988లో మారుతి 800 ఇంజన్ తీసి ఒంటి సీటు పందెం కారులో పెట్టి ఫార్ములా మారుతి చేసినారు. 796 సి.సి. సంసారి కారు ఇంజన్ అది. ఆ బండ్లలో తోలి పెరిగిన నారాయణ్ కార్తికేయన్ 2005లో దేశం నుంచి మొదటిసారి ఫార్ములా వన్‌కు పోయినాడు. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదంలో పోయినారు, చెట్టిపాళయం ట్రాక్‌కు ఆయన పేరే. ఆయన ఇంజన్‌ను ఉన్నచోటే ఉంచి పూజించి ఉంటే ఏమయ్యేది అని వాడి ప్రశ్న.

రెండు రోజులు ఆలోచించినాను. మూడో రోజు నైనా పెట్టె తెరిచి చూస్తే నాకే సిగ్గేసింది. నేను ఒరిజినల్ ఒరిజినల్ అని కొట్లాడుతున్న బండి ఎప్పుడో ఒరిజినల్ కాదు. 6 వోల్టుల లైటు రాత్రి కొవ్వొత్తిలా ఉందని నైనా 1986లో దాన్ని 12 వోల్టులకు మార్చినారు. కార్బొరేటర్ మార్చినారు. స్టాండు విరిగితే మిల్లు స్క్రాపులోని కమ్మితో చేసుకున్నారు. సీటు కింద పానలు పెట్టే పెట్టె ఆయన చేసిందే. అన్నిటికీ ఒక నోటు పుస్తకం పెట్టినారు, తమిళ లిపిలో తెలుగు మాటలు, తేదీలతో సహా. "మర సెడె, కొత్త మర వేస్తి" అని ఒక పుటలో. నేను కాపాడాలనుకున్నది కంపెనీ బండిని కాదన్నమాట. ఆ ఇంగ్లండు బండిని ఎప్పుడో మా నైనా తన బండి చేసుకున్నారు.

కాబట్టి ఇప్పటికి కుదిరిన ఒప్పందం ఇది. ఫ్రేము కొయ్యము, ఇంజన్ మార్చము. వింటేజ్ నంబరుకూ పోము, మామూలుగా రిన్యూ చేయించి రోడ్డు మీద తోలుతాము. ఇగ్నిషన్, వెనక షాకులు, బ్రేకు షూలు, సీటు మా వాడి ఇష్టం. విప్పిన పాత ముక్క ఒక్కటీ ఇనుప సామాన్లకు పోకూడదు, తేదీ రాసి డబ్బాలో పెట్టాలి. అన్నిటికన్నా గట్టి షరతు, పని బయట ఇవ్వకూడదు, షెడ్డులోనే జరగాలి. సిలిండర్ బోరు ఒక్కటే లేత్‌కు పోయింది, అది ఇంట్లో అయ్యేది కాదు.

మా అబ్బాయి ఇంట్లో నేను తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెప్పే పిల్లవాడు. మీ ఇండ్లల్లోనూ అంతే కదా. పోయిన ఆదివారం క్లచ్చు ప్లేట్లు తీస్తూ, వాడు పట్టుకున్న నట్టు కదలక, నన్ను చూడకుండానే చెయ్యి చాచి, "నైనా, ఆ పెద్ద పాన ఇయ్యి, ఇది బిర్రుగా ఉండాది" అన్నాడు. నేను ఇచ్చినాను. వాడికి ఏం అన్నాడో కూడా తెలియదు. నేనూ ఏమీ అనలేదు, అంటే మళ్ళీ తమిళంలోకి పోతాడని భయం.

క్లచ్చు కేబులు ఇంకా రాలేదు. వచ్చే నెల కూటానికి బండి మీదే రావాలని మా ఇద్దరి పట్టుదల. నైనా నోటు పుస్తకం కూడా తెస్తాను. మీ నాయనలు, తాతలు బావి ఇంజన్లో, మిల్లులో, బస్సుల్లో పనిచేసి ఉంటే, పనిముట్లకూ మర ముక్కలకూ మీ ఇండ్లల్లో వాడిన తెలుగు మాటలు ఏవైనా ఉంటే కింద రాయండి. తమిళ లిపిలో రాసినా పరవాలేదు, నేను చదువుకుంటాను. ముఖ్యంగా కనెక్టింగ్ రాడ్డుకు మా నైనా ఒక మాట వాడేవారు, నోటి దాకా వస్తుంది, రాదు. పుస్తకంలో ఆ పుట మీద చమురు పడి మాసిపోయింది. మదురై, విరుదునగర్ వైపు వాళ్ళు ఎవరైనా చెప్పగలరేమో చూడండి.